స్క్రూ కనిపించని పెట్టె

నా పెళ్ళిచూపుల్లో మా మామగారు అడిగిన ప్రశ్నలు రెండే. మొదటిది, "బెంగళూరులో సొంత ఇల్లా, అద్దె ఇల్లా?" రెండోది, "నాయనా, నీది డెవలప్‌మెంటా, సపోర్టా?" అద్దె ఇల్లని చెప్పినప్పుడు ఆయన ముఖం మారలేదు. సపోర్ట్ అనగానే మారింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అప్పటికి కంప్యూటర్ ముట్టుకున్న మనిషి కాదు. అయినా తెలుసు. మదనపల్లె నుంచి మారతహళ్ళి దాకా ఈ సంగతి తెలియని తెలుగువాళ్ళు లేరు. డెవలప్‌మెంట్ అంటే ఇల్లు కట్టే మేస్త్రీ. సపోర్ట్ అంటే ఆ ఇంట్లో కొళాయి కారితే వచ్చే ప్లంబరు.

సంబంధం ఎలాగో కుదిరింది. మా ఆవిడది టెస్టింగ్, ఆ నిచ్చెనలో నాకంటే ఒక మెట్టు పైనే. నేను మాత్రం పదహారేళ్ళుగా అదే మెట్టు మీద ఉన్నాను. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. ఏదో దేశంలో ఏదో సర్వర్ పడిపోయి ఉంటుంది. దాని కోడ్ రాసినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటాడు. వాడు వదిలిపోయిన డాక్యుమెంట్‌లో "వివరాలు త్వరలో" అని ఉంటుంది. దుప్పటి కప్పుకునే లాగ్‌లు, అంటే సర్వర్ రాసుకున్న చిట్టాలు, చదువుతాను, మెల్లగా దాన్ని లేపుతాను. పొద్దున ఆఫీసులో ఏదో జరిగినట్టే ఎవరికీ తెలియదు. తెలియకపోతేనే నా పని బాగా జరిగినట్టు.

ఈ ఉద్యోగం వల్ల నాకొక రోగం పట్టుకుంది. సైన్స్ ఫిక్షన్ సినిమా చూసినా, కథ చదివినా, హీరో ఏం చేస్తున్నాడన్నది నాకు పట్టదు. అంత పెద్ద అంతరిక్ష నౌక, అంత పొడుగు వసారా, ఇన్ని లైట్లు. ఇందులో ఒక ట్యూబ్‌లైట్ పోతే ఎవరు మారుస్తారు? ఏసీ ఫిల్టర్ ఎవరు కడుగుతారు? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? నూటికి తొంభై కథల్లో వీటికి జవాబుండదు.

'ఆదిత్య 369' వచ్చిన 1991లో నాకు ఆరేళ్ళు. తర్వాత టీవీలో వేసిన ప్రతిసారీ చూశాను. టైం మెషీన్ దొరికితే ఏ కాలానికి పోతావని మా క్లాసులో పిల్లలం తెగ వాదించుకునేవాళ్ళం. అందరూ రాయలవారి కాలానికి ఓటేసేవాళ్ళు, ఒకరిద్దరు సినిమాలోలాగా 2504కి. నాకు ఇప్పుడు వచ్చే ఆలోచన వేరు. ఆ మెషీన్ రాయలవారి కాలంలో మొరాయించిందనుకోండి, స్పేర్ పార్టు ఎక్కడ తెస్తారు? హంపీ బజారులో రత్నాలు రాశులు పోసి అమ్మారంటారు. కెపాసిటర్ దొరకదు కదా.

నేను ఆఫీసుకు పోయేది పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, హెచ్.ఎ.ఎల్. ముందు నుంచే. విమానాలు తయారుచేసే ఆ కంపెనీ బోర్డు చూసినప్పుడల్లా నాకు 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లోని హాల్ 9000 గుర్తొస్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ అవే మూడు అక్షరాలు. సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కున్నప్పుడు ఇలాంటి ఆలోచనలకు కొదవుండదు. ఎర్ర కన్నుతో, నెమ్మదైన గొంతుతో మనుషుల్ని చంపే ఆ కంప్యూటర్ దాదాపు అరవై ఏళ్ళుగా మనల్ని భయపెడుతోంది. దాని తర్వాత వచ్చిన తిరుగుబాటు రోబోలకు లెక్కే లేదు. నా మాట ఏమిటంటే, సైన్స్ ఫిక్షన్ మనకు చూపించాల్సిన దెయ్యాన్ని వదిలేసి వేరే దెయ్యాన్ని చూపించింది. కంప్యూటర్ మన మీద తిరగబడుతుందో లేదో నాకు తెలియదు, పదహారేళ్ళలో నా మీద ఒక్కటీ తిరగబడలేదు. కానీ మూత తెరవనివ్వని కంప్యూటర్లు మాత్రం ప్రతి ఇంట్లోకీ వచ్చేశాయి. హాల్‌ను ఆపడానికి ఆ సినిమాలో వ్యోమగామి స్క్రూడ్రైవర్ లాంటిది తీసుకుని లోపలికి వెళ్ళి మాడ్యూళ్ళు ఒక్కొక్కటే ఊడదీస్తాడు. చూశారా, అంత దుర్మార్గపు కంప్యూటర్‌కు కూడా ఊడదీయడానికి వీలుంది! నా లాప్‌టాప్‌కు లేదు.

ఆ లాప్‌టాప్ సంగతి తర్వాత చెప్తాను. ముందు మా బాబాయి హార్డ్ డిస్క్ గురించి చెప్పాలి.

మా బాబాయి మదనపల్లెలో డీటీపీ సెంటర్ నడిపేవాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, కర్మకాండల పత్రికలు, బోనఫైడ్ సర్టిఫికెట్లు. 2001లో ఊళ్ళో ఒక రిటైరైన తెలుగు పండితుడు 108 పద్యాల శతకం రాస్తే బాబాయే కంపోజ్ చేసి అచ్చు వేయించాడు. ఆ పండితుడు పోయి చాలా ఏళ్ళయింది. మొన్నామధ్య ఆయన కొడుకు వచ్చి, నాన్న పుస్తకం మళ్ళీ వేయిద్దామనుకుంటున్నాను, ఫైల్ ఉందా అని అడిగాడు. ఫైల్ ఉంది. అది 40 జీబీ డిస్క్‌లో ఉంది. ఆ డిస్క్ ఉన్న కంప్యూటర్ ఒక ఉరుముల రాత్రి, కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పేలి చచ్చిపోయింది. బాబాయి డిస్క్‌ను పాత తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాడు, నగలు పెట్టినట్టు. "నువ్వు బెంగళూరులో కంప్యూటర్లలోనే కదరా ఉండేది" అని ఆ మూట నా చేతిలో పెట్టాడు.

బెంగళూరులో కంప్యూటర్లలో ఉండేవాళ్ళందరూ చివరికి పోయేది ఎస్.పి. రోడ్డుకే. కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిస్తే టౌన్‌హాల్ వైపు వస్తుంది, సాదర్ పత్రప్ప రోడ్డు. నెత్తిమీద వైర్ల గుబురు, కాళ్ళ కింద అట్టపెట్టెలు, మధ్యలో హారన్ కొట్టుకుంటూ ఆటోలు. అక్కడ నేను గమనించింది ఒకటుంది. కింద అంతస్తులో కొత్త సరుకు అమ్ముతారు, పైకి మెట్లెక్కితే పాత సరుకు బాగుచేస్తారు. ఆ మెట్లు ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉంటాయి, దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి.

పైన కూర్చున్న కుర్రాడిది పుంగనూరు. తెలుగు వినగానే "మదనపల్లెనా అన్నా?" అన్నాడు. డిస్క్ తిప్పి చూసి, కింద ఆకుపచ్చ బోర్డు విప్పి, మల్టీమీటర్ ముల్లు రెండు చోట్ల ఆనించాడు. బీప్. మళ్ళీ ఆనించాడు. బీప్. "షార్టింగ్" అన్నాడు. బియ్యపు గింజంత నల్లటి ముక్క ఒకటి చూపించాడు, డయోడ్. "ఇది కాపలా కుక్క అన్నా. ఎక్కువ వోల్టేజీ వచ్చినప్పుడు మీద పడి కొరికింది. అది చచ్చింది, ఇల్లు మిగిలింది. కానీ గుమ్మానికి అడ్డంగా పడి చచ్చింది, అందుకే కరెంటు లోపలికి పోవడం లేదు." హాట్ ఎయిర్ గన్ పెట్టి, పట్టకారుతో ఆ గింజను లేపేశాడు. ఫ్లక్స్ పొగ ఘాటుగా ముక్కుకు తగిలింది. కేబుల్ పెట్టాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత డిస్క్ గిర్రుమని తిరిగింది. పన్నెండేళ్ళ తర్వాత. "ఇక కుక్క లేదు, జాగ్రత్త. ఈ రోజే కాపీ చేసుకో" అన్నాడు. ఆరు వందలు తీసుకున్నాడు.

ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ డయోడ్ ఏం చేస్తుందో పుస్తకంలో తెలుసు. అది చచ్చి అడ్డంగా పడుకుంటుందన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా లాప్‌టాప్ సంగతి. రెండేళ్ళ కిందట కొన్నది, పల్చగా ఉంటుంది, ఆ పలచదనం చూసే కొన్నాను, అబద్ధం ఎందుకు. ఒకరోజు ఆన్ కాలేదు. సర్వీస్ సెంటర్‌లో అద్దాల టేబుల్ వెనకాల కూర్చున్న అబ్బాయి దాన్ని తెరవనే లేదు. సీరియల్ నంబర్ కొట్టి, "మదర్‌బోర్డు మార్చాలి సార్, నలభై ఎనిమిది వేలు, డేటాకు గ్యారంటీ లేదు" అన్నాడు. ర్యామ్, స్టోరేజ్ రెండూ ఆ బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నాయి, బ్యాటరీ గమ్ముతో అంటించి ఉంది. బయట స్క్రూ అనేది కనిపించదు, రబ్బరు కాళ్ళు పీకితే వాటి కింద దాక్కుని ఉంటాయి. అదీ మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని రకం. పుంగనూరు కుర్రాడి దగ్గరికే పట్టుకెళ్ళాను. ఒక కెపాసిటర్ షార్ట్. పద్దెనిమిది వందలు.

అవతలి పక్షం వాదన నాకు తెలియంది కాదు. గమ్ముతో మూస్తే నీళ్ళు లోపలికి పోవు. ర్యామ్‌ను ప్రాసెసర్ పక్కనే సోల్డర్ చేస్తే వేగం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఎవరు పడితే వాళ్ళు తెరిస్తే బ్యాటరీ ఉబ్బి పేలొచ్చు. ఇవన్నీ నిజాలే. నేనే ఆఫీసులో కస్టమర్లు వాడే ప్రొడక్షన్ సర్వర్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వను, పాస్‌వర్డ్ అడిగితే పది అప్రూవల్స్ తెమ్మంటాను. కానీ నేను సర్వర్‌ను తాళం వేసి ఉంచేది, రేపు పాడైతే తెరిచే తాళంచెవి నా దగ్గర ఉంది కాబట్టి. కొన్నవాడి దగ్గర తాళంచెవి లేకుండా, అమ్మినవాడు కూడా "తెరవను, కొత్తది కొను" అంటే దాన్ని కొనడం అనాలా, అద్దెకు తీసుకోవడం అనాలా? ప్రభుత్వాలకు కూడా ఇది కొంచెం తలకెక్కినట్టుంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. యూరప్‌లో 2027 నుంచి ఫోన్ బ్యాటరీ వాడేవాడే మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. మా చిన్నప్పుడు ఫోన్ కింద పడితే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు, ఫోన్ ఒకవైపు ఎగిరిపడేవి. మూడూ ఏరుకొచ్చి కలిపితే మళ్ళీ పనిచేసేది. తిరిగి అక్కడికి చేరడానికి యూరప్‌కు చట్టం కావాల్సి వచ్చింది.

రచయితలందరూ ఈ సంగతి మర్చిపోయారంటే అన్యాయం. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లోనే 'ది మెషీన్ స్టాప్స్' అనే కథ రాశాడు. అప్పటికి టీవీ లేదు, కంప్యూటర్ లేదు. ఆ కథలో మనుషులందరూ భూమి లోపల తేనెపట్టు అరల్లాంటి గదుల్లో ఒక్కొక్కరే ఉంటారు. బటన్ నొక్కితే తిండి, బటన్ నొక్కితే సంగీతం, పళ్ళెం లాంటి తెర మీద దూరంగా ఉన్న కొడుకు ముఖం. కరోనా లాక్‌డౌన్‌లో ఈ కథ చదివి చాలామంది, వీడియో కాల్ గురించి ఎంత ముందే చెప్పాడో అని ఆశ్చర్యపోయారు. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడ కాదు. ఆ యంత్రం మెల్లగా పాడవడం మొదలవుతుంది. సంగీతంలో ఏదో మూలుగు వినిపిస్తుంది. జనం మొదట ఫిర్యాదు చేస్తారు. తర్వాత ఆ మూలుగుకు అలవాటుపడిపోతారు. చివరికి తేలేదేమిటంటే, యంత్రాన్ని బాగుచేయాల్సిన యంత్రమే పాడైంది! దాన్ని బాగుచేయడం తెలిసిన మనిషి ఒక్కడూ మిగల్లేదు. మా ఆఫీసులో ఇలాంటిది చూశాను. సర్వర్లు పడిపోతే అలర్ట్ పంపాల్సిన సర్వరే పడిపోయింది. ఆరు గంటలు అంతా ప్రశాంతంగా ఉంది, మేనేజర్ మమ్మల్ని మెచ్చుకున్నాడు కూడా.

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ క్లార్క్‌దీ అదే లెక్క. 1945లో ఆయన భూమి చుట్టూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారాలు చేయొచ్చని రాశాడు. అందులో నాకు నచ్చింది వేరే. ఆయన ఊహించినవి మనుషులుండే స్టేషన్లు. అప్పటి రేడియోల్లో వాల్వులు తరచూ మాడిపోయేవి, మార్చడానికి పైన ఎవరో ఒకరు ఉండాలి కదా! అంటే ఆ భవిష్యత్తులో మా సపోర్ట్ వాళ్ళకు అంతరిక్షంలో క్వార్టర్స్ ఉన్నాయన్నమాట. వాల్వుల్లా మాడిపోని ట్రాన్సిస్టర్ వచ్చి మా నోట్లో మట్టి కొట్టింది.

ఆ కక్ష్యలోకి మనదేశం ప్రయోగాత్మకంగా పంపిన మొదటి కమ్యూనికేషన్ ఉపగ్రహం ఆపిల్. 1981 జూన్‌లో పైకెళ్ళింది. దాన్ని ఎద్దులబండి మీద పెట్టిన ఫొటో చూడనివాళ్ళు ఉండరు. పాపం, లారీకి డబ్బుల్లేని దేశం అని ఆ ఫొటో కింద ఎంతమంది నిట్టూర్చారో. అసలు కారణం వేరు. యాంటెనా పరీక్ష చేయాలంటే చుట్టూ లోహం ఉండకూడదు, లారీ అంతా ఇనుమే. కొయ్యతో చేసిన బండి మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. లోపల ఏముందో తెలిసినవాడికి ఎద్దులబండి కూడా ల్యాబ్ సామానే. పైకెళ్ళాక ఆపిల్‌కు ఒక సోలార్ ప్యానెల్ విచ్చుకోలేదు. అయినా ఇస్రో వాళ్ళు దాన్ని రెండేళ్ళకు పైగా నడిపారు. ఎద్దులబండి ఫొటో చూసినవాళ్ళలో ఈ రెండో సంగతి ఎందరికి తెలుసు? అదే చెప్తున్నాను, సపోర్ట్‌కు ఫొటోలుండవు.

నాసా వాళ్ళ అంతరిక్ష నౌక వాయేజర్ 1 గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి, నా దృష్టిలో ఈ శతాబ్దపు గొప్ప సైన్స్ ఫిక్షన్ కథ అది, కాకపోతే నిజంగా జరిగింది. అది 1977 సెప్టెంబరు 5న బయల్దేరింది. (అదే ఏడాది మే నెలలో 'స్టార్ వార్స్' వచ్చింది. అందులోని డొక్కు ఓడ నాకు భలే ఇష్టం. సమయానికి ఇంజను స్టార్ట్ కాకపోవడం, హీరో తిట్టుకుంటూ రిపేరుకు దిగడం, సైన్స్ ఫిక్షన్‌లో అంత నిజాయితీ ఉన్న వాహనం ఇంకోటి లేదు.) 2023 నవంబరులో వాయేజర్ 1 అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. అప్పటికి అది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి ఒక మాట పంపితే చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబుకు మళ్ళీ అంతే. అంటే ఒక కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే, అది పనిచేసిందో లేదో తెలిసేది ఎల్లుండి. దాని కంప్యూటర్లన్నిటి జ్ఞాపకశక్తి కలిపినా 70 కేబీ లోపే. మా ఆవిడ పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే పెద్దది.

నాసా ఇంజనీర్లు నెలల తరబడి తవ్వి, ఒక మెమరీ చిప్ పోయిందని తేల్చారు. పోయిన చిప్‌ను మార్చడానికి ఎస్.పి. రోడ్డు దగ్గర్లో లేదు. అందులో ఉన్న కోడ్‌ను వేరేచోటికి మారుద్దామంటే అంత ఖాళీ ఒక్కచోట లేదు. ముక్కలు చేసి, సందు దొరికిన చోటల్లా ఒక్కో ముక్క ఇరికించి, ముక్కలన్నీ మళ్ళీ ఒకదాన్నొకటి పిలుచుకునేలా చిరునామాలు సరిదిద్దారు. పెళ్ళింట్లో చుట్టాలను సర్దినట్టు. ఆ కోడ్ మొదట రాసినవాళ్ళు రిటైరైపోయారు, కొందరు పోయారు కూడా. మిగిలింది దశాబ్దాల నాటి కాగితాలు. 2024 ఏప్రిల్ 18న కమాండ్ పంపారు, 20న జవాబొచ్చింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి అర్థమయ్యే జవాబు. గదిలో అందరూ చేతులెత్తి నవ్వుతున్న ఫొటో ఒకటి బయటికొచ్చింది. నేను దాన్ని నా డెస్క్ మీద అంటించుకున్నాను. పైన ఫొటోలుండవన్నాను కదా, ఇదొక్కటి మినహాయింపు.

2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నలభై ఆరేళ్ళ కంప్యూటర్ బాగైంది. నా బల్ల మీదున్న రెండేళ్ళ కంప్యూటర్‌ను సర్వీస్ సెంటర్ తెరవనన్నది.

మా మామగారి నుంచి పోయినేడు ఫోనొచ్చింది. ఇప్పుడాయనకు లాప్‌టాప్ ఉంది, పేపర్లు చదువుతారు, ప్రవచనాలు వింటారు. గొంతులో టెన్షన్. "నాయనా, తెర మీద ఏదో వచ్చింది. దీనికి సపోర్ట్ ఆపేస్తారంట. సపోర్ట్ లేకపోతే ఎట్ల?" ఆ మాట ఆయన నోటి నుంచి వినడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఇంకోసారి అనమని అడగబోయి ఆగాను. విండోస్ కొత్త వర్షన్ ఎక్కించుకోవడానికి ఆ లాప్‌టాప్ పనికిరాదట, అందులో ఏదో సెక్యూరిటీ చిప్ లేదట. మెషీన్‌కు ఏ జబ్బూ లేదు. వయసైపోయిందని కాగితం మీద రాశారు, అంతే. వెళ్ళి విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చాను. 1991 ఆగస్టులో, ఆదిత్య 369 వచ్చిన నెల రోజులకే, ఫిన్లాండ్‌లో ఇరవై ఒక్కేళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ దాని గురించి ప్రకటించాడు, సరదాకు చేస్తున్నానన్నాడు. దాని మూత ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎవడైనా తొంగిచూడొచ్చు, చెయ్యి పెట్టొచ్చు. మామగారికి ఆ కథంతా అక్కర్లేదు. "ఇది సపోర్ట్ ఉన్నదేనా?" అని ఒక్కటే అడిగారు. నేనున్నానన్నాను.

ఆఫీసులో ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తోంది. నేనూ వాడతాను, లాగ్‌లు చదవడంలో దానికి నిద్ర రాదు, అది పెద్ద సుఖం. అయినా ఒక తేడా గమనించాను. ఇంతకుముందు అర్ధరాత్రి ఒక లైను అర్థంకాక, ఇది ఎవరు రాశారని వెతికితే, పుణేకు వెళ్ళిపోయిన ఎవడో ఒకడు తేలేవాడు. మెసేజ్ పెడితే, తిట్టుకుంటూనైనా జవాబిచ్చేవాడు. మొన్న ఒక కుర్రాణ్ణి అడిగితే, "అది ఏఐ రాసింది అన్నా, ఎందుకు రాసిందో తెలియదు, పనిచేస్తోంది కదా" అన్నాడు. అప్పట్లో రాసినవాడు కంపెనీ మారిపోయేవాడు. ఇప్పుడు రాసినవాడే లేడు. ఫార్‌స్టర్ కథలో మూలుగు నాకు వినిపించడం మొదలైంది ఇక్కడే. రోబోలు కత్తులు పట్టుకొస్తాయని నేను దిండు కింద కర్ర పెట్టుకోను. పనిచేస్తోంది కదా అనే మాటకే నాకు భయం.

మన 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టెను చూసి, 1957లోనే మనవాళ్ళు వీడియో కాల్ ఊహించారని గొప్పగా చెప్పుకుంటాం. నేను ఒప్పుకోను. వీడియో కాల్‌లో అవతలివాడు ఎలా ఉంటే అలా కనిపిస్తాడు, చొక్కా లేకుండా ఉన్నా సరే. ప్రియదర్శిని అలా కాదు, ఎవరు తెరిస్తే వాళ్ళకు ఇష్టమైనది చూపిస్తుంది. అది ఇప్పుడు మన చేతుల్లోని ఫోన్‌లో, మనకు నచ్చేవే వరసగా చూపించే ఫీడ్. దాని లోపల ఏముందో శశిరేఖ అడగలేదు, మనమూ అడగం.

మళ్ళీ బాబాయి డిస్క్ దగ్గరికి వస్తాను. డిస్క్ తిరిగింది, ఫైల్ దొరికింది. కానీ తెరిస్తే పద్యాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలు, కొన్నింటి మీద టోపీలు, కొన్నింటి కింద తోకలు, మధ్యలో పౌండు గుర్తు, కాపీరైట్ గుర్తు. అన్ని భాషల అక్షరాలకూ అందరూ ఒప్పుకున్న ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్ వాడకంలోకి రాకముందు తెలుగు అలాగే ఉండేది. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన గుళ్ళు, కొమ్ములు, వత్తులు అద్దెకుండేవి. ఏ గదిలో ఏది ఉండాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. పైగా బాబాయి వాడిన సాఫ్ట్‌వేర్‌కు ఒక తాళం ఉండేది, కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించేచోట గుచ్చే అగ్గిపెట్టెంత డాంగిల్. అది లేకపోతే టైపింగ్ నడవదు. ఆ డాంగిల్ పోయింది, అది గుచ్చే సాకెట్టే ఇప్పటి లాప్‌టాప్‌లకు లేదు. అదృష్టం కొద్దీ ఫాంట్ మాత్రం డిస్క్‌లోనే పడి ఉంది. లాప్‌టాప్‌లో ఒక పాత కంప్యూటర్‌ను ఉత్తుత్తిగా సృష్టించి, అందులో పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఎక్కించి, ఫాంట్ వేస్తే పద్యాలు కనిపించాయి. కనిపించాయంతే. వెతకలేం, ఫోన్‌లో పంపలేం. యూనికోడ్‌లోకి మార్చడానికి రెండు వారాల రాత్రులు పట్టింది. "స్త్రీ" మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, మామూలుగా నిల్వచేస్తే 18 బైట్లు. బాబాయి ఫాంట్‌లో దాన్ని ముక్కలు ముక్కలుగా బొమ్మ గీసినట్టు పేర్చారు. క్ర రాయాలంటే ముందు ర వత్తు, తర్వాత క. ఆ వరస తిప్పడం నేర్పేసరికి, మార్చడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాంకు తల వాచిపోయింది.

మన లిపి లోపలికి తొంగిచూడనివాళ్ళకు ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక రకంగా, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో పంపితే, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది. ఐఫోన్ చేసే ఆపిల్ కంపెనీ కొద్దిరోజుల్లో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. జ్ఞానంలో మొదటి అక్షరానికే అంత బరువుందని మేం ఆఫీసులో నవ్వుకున్నాం. సరిచేసినవాళ్ళలో జ కింద ఞ వత్తు ఎలా కూర్చుంటుందో తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్ళకు నా నమస్కారం.

పోయిన నెల లాప్‌టాప్ పట్టుకుని మదనపల్లె వెళ్ళాను. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని, తెరకు దగ్గరగా జరిగాడు. ఫైల్ బతికినందుకు సంతోషిస్తాడేమో, కుక్క కథ చెబుదామని నేను ఉబలాటపడుతున్నాను. ఆయన ఒక్కో పద్యం దాటుకుంటూ పోతున్నాడు. "అరవై మూడు తియ్యి" అన్నాడు. తీశాను. మూడో పాదం మీద వేలు పెట్టాడు. "రధము" అని ఉంది.

"ఆ రోజు ప్రెస్సోడు తొందరపెడితే చూసుకోలేదురా. పుస్తకం వచ్చినాక అయివారు చూసినారు. ఏమీ అనలేదు, పెన్ను తీసుకుని చుక్క పెట్టుకున్నారు. ఐదొందల కాపీల్లోనూ ఆయనే కూర్చుని పెట్టినారు."

నేను ధ కొట్టేసి థ పెట్టాను. పొట్టలో చుక్క వచ్చింది.

బాబాయి వెనక్కి వాలాడు. "సేవ్ చేసినావా?"

"అదే అవుతుంది బాబాయ్, ఇప్పుడు అవసరం లేదు."

"కరెంటు పోతాది. సేవ్ చెయ్యి."